గురివింద గింజకు కన్నం పడిందా?

మా చర్చి పూలతోటలో జరిగిన ఈ సంగతిని ఉద్దానంలో ఇప్పుడు తలో రకంగా చెప్పుకుంటున్నారు. కొందరి మాటల్లో పిల్లని పాము కరిచింది, కొందరి మాటల్లో తోటనే తగలబెట్టేశారు. ఆ రోజుల్లో పలాస ఆసుపత్రి పిల్లల వార్డులో డ్యూటీ నాదే కనుక, ఉన్నదున్నట్టు రాసిపెట్టడం నా బాధ్యత అనిపించింది.

మూడేళ్ల కిందటి డిసెంబరు. నేను స్టాఫ్ నర్సుని. మా చర్చి వజ్రపుకొత్తూరు దాటాక జీడితోటల మధ్య ఉంది. వెనక సమాధుల స్థలంలో కలుపు పీకకుండా వదిలేసి, తుమ్మి, శంఖుపూలు, పల్లేరు వాటంతట అవే పూసేలా సంఘంలోని ఆడవాళ్లం కాపాడుతున్నాం. ఏ మొక్క ఏదో నేను నేర్చుకున్నది శాఖా గ్రంథాలయంలోనే. అక్కడి మొక్కల పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివానని చెప్పుకోవడం నాకు గొప్పే. కంచె మీది గురివింద తీగ గురించీ అందులోనే చదివాను. గింజ పైపెంకు చాలా గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, పెంకుకు కన్నం పడినా లోపలి విషం ప్రాణం తీయగలదు.

ఆ శనివారం మా సంఘంలోని ఎస్తేరమ్మ, నాలుగేళ్ల మనవరాలు రూతును చంకనేసుకుని వార్డులోకి పరిగెత్తుకొచ్చింది. ఆమె భర్త ఉద్దానంలో చాలామందిలాగే కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆయన సమాధి ఆ తోటలోనే ఉంది.

"సిస్టరమ్మా, గురివింద గింజ మింగేసింది! తోటలో క్రిస్మస్ నచ్చత్రానికి గుచ్చుతుంటే పళ్లెంలోంచి తీసేసింది. దీని కిడ్నీలకేటీ అవదు కదా?"

"నమిలిందా?"

"లేదంతాది. వీపు మీద రెండేసినా లేదనే అంతాది. నాను నమ్మను. మొన్న మూతి నిండా బెల్లం పెట్టుకుని తిన్లేదంది!"

"కొడితే ఎవరైనా లేదనే అంటారు మామ్మా," అని రూతు వైపు తిరిగాను. "గింజ చేదుగా ఉందా, తియ్యగా ఉందా?"

"జారిపోనాది," అంది గొంతు చూపించి. "రుసి నాకు తెల్దు."

నక్షత్రం గుచ్చుతున్న సండే స్కూల్ టీచరు సుజాతకు ఫోన్ చేశాను. అవతల ఏడుపు. "కన్నం పెట్టినవీ, పెట్టనివీ ఒకే పళ్లెంలో కలిపేశాను సిస్టర్. ఏది మింగిందో నాకెలా తెలుస్తాది?"

డాక్టరు పద్మజగారు మెల్లగా అన్నారు: "దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. కనిపెట్టుకుని ఉందాం. తేడా వస్తే విశాఖ పంపేద్దాం." యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే కడుపులో విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి, నీళ్లలో కలిపి పట్టించాం. తరువాత అబ్జర్వేషన్. వాంతి, రక్త విరేచనాలు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపిస్తుందోనని చూస్తూ ఉండడమే. ఈ విషం వెంటనే బయటపడదు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే రూతు నల్లబడ్డ పళ్లతో నవ్వుతుంటే కూడా నాకు భయమే వేసింది. పిల్ల మూత్రానికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఎస్తేరమ్మ నా మొహం చూసేది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు తోటంతా మిషన్‌తో కోసేద్దామన్నారట. కబురు వార్డుకు చేరగానే రూతు చార్టు మళ్లీ చూశాను. పిల్లకేమైనా అయితే ఇంక ఏ ముఖంతో సంఘంలో ఆడవాళ్లకి పువ్వుల పేర్లు చెప్తాను?

సోమవారం పొద్దున్న ఆయా నూకమ్మ కేకేసింది. "ఒలమ్మా, వచ్చీసింది సిస్టర్!"

పిల్ల విరేచనంలో వెతికి ఆమె కడిగి ఇచ్చిన గింజను డాక్టరుగారు లైటు కింద తిప్పి చూశారు. పగుల్లేదు, కన్నం లేదు. ఒక పక్క మాత్రం సన్నటి సూది గీత. అప్పుడే వచ్చిన సుజాత దాన్ని చూడగానే గుర్తుపట్టింది. "ఎంత గుచ్చినా సూది దిగలేదని పక్కన పడేశాను. మొండి గింజ ఇది!"

"మొండి గింజనే ఏరుకుంది మొండి గుంట!" అని ఎస్తేరమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఆ మర్నాడు ఇంటికి పంపాం. పెద్దలు మిషన్ తెప్పిస్తే ఎస్తేరమ్మ అడ్డం నిలబడింది. "ఆ తీగ పీకీయండి. మా ముసిలోడి మీద పువ్వుల జోలికి రాకండి." గురివింద పోయింది, తోట మిగిలింది.

పెద్దవాళ్లు పిల్ల తరఫున ఎంత చెప్పినా, పిల్ల మాటను విడిగా, అన్నదన్నట్టు కేస్ షీట్‌లో రాయాలని నేను నేర్చుకున్నది అప్పుడే.

పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లనిచ్చిన గ్రంథాలయం అప్పారావుగారికి, ధైర్యం చెడని పద్మజగారికి, అసహ్యపడని నూకమ్మకు, దాచకుండా చెప్పిన సుజాతకు, తోటను నిలబెట్టిన ఎస్తేరమ్మకు నా కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా రూతుకు, కొట్టినా మెల్లగా అడిగినా ఒకే నిజం చెప్పినందుకు.