పథ్యం లేని మందు

గురువారం పూట లాకుల దగ్గరి రేకుల షెడ్డులో ఎలీసమ్మ గుడ్లు ఉడకబెడుతుంది. మూడు రాళ్ళ పొయ్యి, పెద్ద గుండిగ, మంటకి ఎండు కొబ్బరిమట్టలు. కుష్ఠు వైద్యానికి వచ్చినవాళ్ళు వరసలో కూర్చుని, ఆమె చేతిలోంచి గుడ్డు అందుకుని, ఆమె కళ్ళముందే తిని, ఆ తరవాతే మాత్ర మింగాలి. గుడ్డు ముట్టనివాళ్ళకి గ్లాసుడు పాలు. ఈ రూలు పెట్టింది డాక్టరు భుజంగరావుగారనీ, దానివల్ల ఎందరో బతికి బట్టకట్టారనీ రాజోలు చుట్టుపక్కల అంతా చెప్పుకుంటారు. నిజమే. ఆ రూలు ఎవరి చావు మీద పుట్టిందో మాత్రం చెప్పుకోరు. అందులో ఎవరికీ గొప్ప లేదు మరి.

ఎలీసమ్మ మొగుడు యేసురత్నం కొబ్బరితోటల్లో ఒలుపు పని చేసేవాడు. నేలలో పాతిన గునపం మీద కాయని కొట్టి, ఒక్క తిప్పుకి డొక్క ఊడదీసేవాడు. దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటేడు ఒకనాడు ఆ గునపం మొన అతని అరచేతిలో దిగింది. నెత్తురు చూసి పక్కవాడు కేక వేస్తేగాని అతనికి తెలియలేదు. తరవాత వీపు మీద పాలిపోయిన మచ్చలు బయటపడ్డాయి. తోట రైతు పనిలోకి రావద్దన్నాడు. పేట పెద్దలు, ఆదివారం పూట పక్కన కూర్చుని గొంతు కలిపి పాడినవాళ్ళే, పెద్దరోగం కదా, పిల్లాజెల్లా ఉన్న పేట కదా అని, అతనికి కాలవగట్టున పాక వేసి అందులో ఉండమన్నారు.

ఎలీసమ్మ రెండుపూటలా కూడు పట్టుకెళ్ళి, అతను తినేదాకా గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేది. ఇంట్లో అతని మంచం వేసినది వేసినట్టే ఉంచింది. చుట్టాలొచ్చినా దానిమీద కూర్చోనిచ్చేది కాదు. ఆ మంచం మీదికి మనిషిని మళ్ళీ తెచ్చుకోవాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

యాభై ఒకటిలో భుజంగరావుగారు అమలాపురం నుంచి వారం వారం రావడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ రోగానికి ఉన్నది నూనె సూది. పొడిచినచోటల్లా గడ్డ కట్టేది, రోగం మాత్రం కదిలేది కాదు. కొత్తగా దొరల సీమ నుంచి ఒక మాత్ర దిగింది. అది మన మనుషులకి ఎలా పనిచేస్తుందో పరిశోధించాలని డాక్టరుగారు రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మాత్ర, రెండో జట్టుకి పాత సూదే. ఎవరికి ఎంత నయమైందో పోల్చి చూస్తారు. యేసురత్నం మాత్రల జట్టులో పడ్డాడు. చెవితమ్మె గీరి భూతద్దంలో చూసినప్పుడు రోగం పురుగు కనపడకపోతే ఇంటికి వెళ్ళిపోవచ్చనీ, పేట పెద్దలతో తానే మాట్లాడతాననీ డాక్టరుగారు మాటిచ్చారు.

ఎలీసమ్మ వరస దాటి ముందుకొచ్చింది. "పథ్యం ఏంటండీ, డాక్టరుగారూ?"

ఆయన ఎవరి జబ్బలోనో సూది దించుతున్నారు. తల ఎత్తలేదు. "పథ్యమేమీ లేదు. ఏదైనా తినొచ్చు."

అచ్చంగా ఆ మాటే ఎలీసమ్మ చిన్నతనంలో ఒకసారి విన్నది. తల్లికి పచ్చకామెర్లు వస్తే, పొరుగూరి వైద్యుడు గట్టు మీద నుంచే మందు పొట్లం విసిరి, "మీకు పథ్యమేమిటే? నోరు కట్టుకుంటారా ఏమన్నానా? ఏదైనా తినండి" అని వెళ్ళిపోయాడు. అదే నెలలో, అదే జబ్బుకి, కరణంగారింట్లో పీట వేయించుకు కూర్చుని ఏ కూర తినాలో, ఏ పూట మానాలో విడమరిచి మరీ చెప్పాడు. కరణంగారి కోడలు లేచి తిరిగింది. ఎలీసమ్మ తల్లి లేవలేదు. అప్పటినుంచి ఎలీసమ్మకి ఒకటే లెక్క. పథ్యం చెప్పారంటే బతకాలని చెప్పినట్టు, చెప్పలేదంటే గాలికి వదిలేసినట్టు.

అయినా ఆమె సర్దుకునేదేమో. కాని ఆ వారమే షెడ్డు వెనక గుడ్డలు కట్టిన సవారీ బండి ఒకటి ఆగింది. అందులో మునసబుగారి మేనత్త మంగాయమ్మగారు. పెద్దరోగానికి పేదిల్లూ పెద్దిల్లూ తెలియదు. తెలిసిందల్లా మనుషులకే, అందుకే ఆ బండికి తెరలు. డాక్టరుగారు వరసనంతా ఆపి బండి దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. మాటలు ఇవతలికి వినపడలేదు. ఆయన వేళ్ళు ముడుస్తూ ఒక్కొక్కటే చెప్పడం, తెర వెనక నుంచి ఆవిడ ఏదో అడగడం, ఆయన మళ్ళీ ఓపిగ్గా చెప్పడం మాత్రం కనపడింది.

"చూసేవా?" అంది ఎలీసమ్మ మొగుడితో. "ఆళ్ళకైతే అరగంట. మనకైతే ఏదైనా తినండి."

"తినమన్నప్పుడు తినక, నీకేంటే బాధ?"

"సీమ నుంచి ఓడలో వచ్చిన మందుకి పథ్యం ఉండదా? మనం చెయ్యలేమనుకున్నారు. నేను చేయించి చూపిస్తాను."

చేయించింది. ఉప్పు మానిపించింది, పులుపు మానిపించింది. పప్పు వాతం, గుడ్డు వేడి, చేప దోషం, గోంగూర మాట ఎత్తకూడదు. పొద్దున్న జావ, మధ్యాహ్నం చప్పిడి కూట్లోకి మిరియాల చారు, రాత్రికి లంఖణం. లంఖణం పరమౌషధమని పెద్దలన్నారు కదా. ఆ పెద్దలు కడుపు నిండినవాళ్ళని ఎవరూ చెప్పలేదు. తనూ అదే తిన్నది పిచ్చితల్లి. తను మాత్ర మింగడం లేదు కాబట్టి తనకేమీ కాలేదు.

అదే జట్టులో వలేసుకునే గంగయ్య ఉండేవాడు. మాత్ర మింగి, కల్లు తాగి, ఎండుచేపలు కాల్చుకు తినేవాడు. ఒకనాడు యేసురత్నానికి జెల్లచేపల పులుసు ముంతతో పట్టుకొస్తే ఎలీసమ్మ గట్టు మీదే అడ్డం పడింది. "నువ్వు పోతే పోయేవు, నా మనిషిని చెడగొట్టకు" అంది. ఏడ్చినంత పనిచేసి ముంత వెనక్కి పంపింది.

మచ్చలు నిజంగానే తగ్గుముఖం పట్టాయి. డాక్టరుగారు దూదిపింజతో వీపు తడిమి, కళ్ళు మూసుకున్న యేసురత్నం "ఇక్కడండి, ఇక్కడండి" అని చూపిస్తుంటే పొంగిపోయారు. ఫోటో తీయించారు. ఆయన మచ్చల్ని చూశారు, వేళ్ళని చూశారు, చెవితమ్మెని చూశారు. మనిషి మొహంలోకి చూసి ఎలా ఉన్నావురా అని మాత్రం అడగలేదు. గట్టెక్కితే యేసురత్నానికి ఆయాసం వచ్చేది, కళ్ళు తిరిగేవి. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పనివ్వలేదు. "చెప్తే మాత్ర ఆపేస్తారే. ఇంతదాకా వచ్చేను" అన్నాడు. ఎలీసమ్మ కూడా సరేనంది. మందు రోగాన్ని బయటికి లాగుతుంటే మనిషి ఆమాత్రం నీరసించడా అనుకుంది. అనుకుని, మధ్యాహ్నం చారు కూడా పలచన చేసింది.

కోతల కాలంలో ఒక గురువారం అతను వరసలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. భుజంగరావుగారు పరుగెత్తుకొచ్చి కనురెప్ప కిందికి లాగి చూశారు. లోపల ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది. కారులో వేసుకుని అమలాపురం బయల్దేరారు. వైనతేయ రేవులో బల్లకట్టు ఇవతలి ఒడ్డుకి రాకముందే ప్రాణం పోయింది.

ఆయనే శవాన్ని వెనక్కి తెచ్చారు. కాలవగట్టున దిగి, ఎలీసమ్మ దగ్గరికి వచ్చారు. "ఏం తినేవాడమ్మా?"

ఇన్నాళ్ళకి అడిగారు. ఎలీసమ్మ ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఏమేం మానిపించిందో, ఎంత గట్టిగా మానిపించిందో చెబుతుంటే, ఆ ఏడుపులోనే ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. అది వినలేక ఆయన మొహం తిప్పుకున్నారు.

"నేను ఏదైనా తినమన్నాను కదమ్మా."

"ఆయ్, అన్నారండి. మాకు అందరూ అలాగే అంటారండి." ఎలీసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మంగాయమ్మగారికి అంతసేపు చెప్పేరు కదండి పథ్యం. మేం చెయ్యలేమాండి?"

"అది పథ్యం కాదు. ఈ మాత్ర రక్తాన్ని విరిచేస్తుంది. ఆవిడ ఏకాదశులూ సోమవారాలూ ఉపవాసం ఉంటారు. అవన్నీ మానెయ్యమనీ, పాలూ పెరుగూ బాగా తీసుకోమనీ చెప్పాను."

"ఆ ముక్క మాకెందుకు చెప్పలేదండి?"

ఆయన కాలవ వైపు చూశారు. "మీలో ఉపవాసాలు ఉంటారని అనుకోలేదమ్మా."

"ఎవరూ అనుకోరండి" అంది ఎలీసమ్మ.

ఒక్క మాట మాత్రం ఆయన నిలబెట్టుకున్నారు. పేట పెద్దల దగ్గరికి వెళ్ళి, అతని చెవితమ్మెలో పురుగు లేదనీ, ఇంటికి తేవడానికి భయం లేదనీ చెప్పారు. పెద్దలు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం యేసురత్నం రోగం లేని మనిషిగా పేటలోకి వచ్చి, తన మంచం మీద పడుకున్నాడు.

గంగయ్యకి నయమైంది. పథ్యం చేసినవాడు పోయాడు, పులుసు తిన్నవాడు లేచాడని జనం నవ్వుకున్నారు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అన్నవాళ్ళూ ఉన్నారు. భుజంగరావుగారు నిద్రపోయారో లేదో మనకి తెలియదు గాని, ఆ తరవాత అడ్డమైన ప్రతివాడి కనురెప్పా లాగి చూడటం, ఏం తిన్నావని అడగడం, మాత్రకి ముందు గుడ్డు పెట్టడం మొదలుపెట్టారు. ఆ గుడ్లు ఉడకబెట్టే పని ఎలీసమ్మకి ఇచ్చారు. కాదని ఎక్కడికి పోతుంది? గుడ్డు మాత్రం ఆమె మళ్ళీ నోట పెట్టలేదు.

యాభై ఆరులో మద్రాసు నుంచి ఒక దొరగారు షెడ్డు చూడటానికి వచ్చారు. భుజంగరావుగారు అన్నీ తిప్పి చూపించి, పొయ్యి దగ్గర ఆగారు. ఇంగ్లీషులో ఏదో చెప్పి, పక్కనున్న కాంపౌండరుకి తెలియాలని కాబోలు తెలుగులోనూ అన్నారు. "ఈమె భర్తే ఆ రోగి. పాపం, అజ్ఞానం. మూఢనమ్మకంతో తిండి మాన్పించేసింది. ఆ కేసు నుంచే మనం ఈ పద్ధతి నేర్చుకున్నాం."

ఎలీసమ్మ గరిటె పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నేనడిగేనండి" అంది. "పథ్యం ఏంటని వరసలో అందరి ముందూ అడిగేను. మీరు తల ఎత్తలేదండి."

దొరగారు ఆసక్తిగా భుజంగరావుగారి వైపు తిరిగి, ఏమంటోందని అడిగారు. ఆయన మొహం ఎర్రబడింది. ఇంగ్లీషులో పొట్టిగా ఏదో చెప్పారు. దొరగారు నవ్వి తల ఊపారు.

ఎలీసమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా అయిదేళ్ళుగా ఆ షెడ్డులో ఉన్న మనిషికి, ఆయన మాటల్లో వినపడిన ఎగ్సు అంటే ఏమిటో, రెడీ అంటే ఏమిటో తెలుసు. ఆమె మళ్ళీ కూర్చుని, గుండిగలో వేణ్ణీళ్ళు వంచేసి, ఒక్కో గుడ్డే వలవడం మొదలుపెట్టింది.