కోజి గది బయట బాబాయి గారు

మా పక్కింటి బాబాయి గారు పోయారని పిన్ని గారు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగుతున్నాను. నిద్రలోనే పోయారట. ఏడుపు రావాలి కదా, నాకు ముందు కోపం వచ్చింది. వచ్చే నెల మొదటి శనివారం ఖాళీగా ఉంచుకోమని నా వెంటపడి చెప్పిన మనిషి ఆయనే. పిల్లాడి సాకర్ మానిపించి మరీ ఉంచుకున్నాను. ఆ శనివారం రాకముందే ఆయన చల్లగా జారుకున్నారు.

మాకు బంధుత్వమేమీ లేదు. ఫ్రీమాంట్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక చెక్క కంచె, అంతే. బూజుల మీదా సూక్ష్మజీవుల మీదా ఒక మందుల కంపెనీలో పనిచేసి రిటైరైన సైంటిస్టు ఆయన. రిటైరయ్యాక అందరూ వాకింగ్ గ్రూపో గుడి కమిటీయో చూసుకుంటారు. ఈయనకి సాకే పిచ్చి పట్టుకుంది. జపాన్ వాళ్ళు బియ్యాన్ని పులియబెట్టి చేసే మద్యం అది. బే అనే సముద్రపు పాయ మీది వంతెన అవతల ఒక జపాన్ కుటుంబం పాత పద్ధతిలో దాన్ని తయారుచేసే చిన్న బ్రూవరీ ఉంది. శనివారాలు జనాన్ని తిప్పి చూపించి, చివర్లో తలా కాస్త రుచి చూపిస్తారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఈయన ఫ్రీవే ఎక్కడం మానేశారు. కాబట్టి డ్రైవర్ని నేను. మా ఆఫీసులో లేఆఫ్‌లు జరుగుతున్న రోజులవి. వారమంతా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని చచ్చి, శనివారం పొద్దున కాస్త పడుకుందామనుకుంటే తలుపు దగ్గర ఈయన టోపీతో సహా తయారు.

టూర్‌లో ఆయనతో నడవడం ఒక శిక్ష. గైడ్ అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోతుంటే మధ్యలో చెయ్యి లేపేవారు. "ఇవాళ బియ్యం ఎంతసేపు నానబెట్టారు? నీళ్ళు నిన్నటికన్నా చల్లగా ఉన్నాయా?" వెనక నిలబడ్డ జంటలు వాచీలు చూసుకునేవాళ్ళు, నేను పైకప్పు చూసేదాన్ని. బియ్యపు గింజను సగానికి సగం అరగదీసి లోపలి తెల్లటి ముత్యాన్నే వాడతారని తెలిశాక, మిగతా పిండంతా ఏం చేస్తారని ప్రతిసారీ అడిగేవారు. పశువుల మేతకి పోతుందని ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది. ఆయన ప్రతిసారీ దిగులుపడేవారు.

ఇక టేస్టింగ్. అడుగున నీలం వలయాలున్న తెల్ల పింగాణీ గిన్నెలో పోసిస్తారు, ఎంత తేటగా ఉందో తెలియడానికి. ఈయన ఒక్క గుక్క నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకునేవారు. క్యూ ఆగిపోయేది. చివరికి దాన్ని పక్కనున్న బకెట్‌లో ఉమ్మేసేవారు.

"తాగనప్పుడు ఇంత దూరం ఎందుకండీ బాబాయి గారూ?" అని ఒకసారి విసుక్కున్నాను.

"తాగడానికి రాలేదమ్మాయ్. ఆ బూజుని కలవడానికి వచ్చాను."

ఆ బూజు పేరు కోజి. ఉడికిన బియ్యం మీద దాన్ని చల్లి, వెచ్చటి చెక్క గదిలో గుడ్డలు పరిచి పెంచుతారు. "అసలు పని ఆ గదిలోనే అవుతుంది. మిగతాదంతా కడగడం, కాపలా కాయడం" అనేవారు. ఆ గదిలోకి బయటివాళ్ళని రానివ్వరు. ఒక గాజు కిటికీలోంచి చూడాలి, అదీ ఎప్పుడూ ఆవిరి పట్టే ఉంటుంది. ఈయన దానికి ముక్కు ఆనించి నిలబడేవారు. వెళ్ళిన ప్రతిసారీ అక్కడి పెద్దాయన్ని, ఆ ఇంటి ముసలి యజమానిని, లోపలికి రానిస్తారా అని అడిగేవారు. ఆయన నవ్వి తల వంచి కాదనేవారు. ఈయన కూడా తల వంచేవారు. ఇలా ఏళ్ళు గడిచాయి.

పోయిన చలికాలం ఆ పెద్దాయన ఒప్పుకున్నారు. ఒక్క షరతు. ఆ రోజు పెరుగు ముట్టుకోకూడదు. నాటో అని వాళ్ళు తినే పులిసిన సోయా గింజలూ అంతే. వాటిలో ఉండే క్రిములు చేతుల మీదా ఊపిరిలోనూ వచ్చి కోజిని పాడుచేస్తాయట. తెలుగువాడికి పెట్టాల్సిన షరతేనా అది?

"పిన్ని గారికి చెప్పారా?" అన్నాను.

"పెరుగొద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆ సారా కొట్టు కోసం అని తెలిస్తే గిన్నెడు పెరుగూ నా నెత్తిన పోస్తుంది."

ఆ పొద్దున నేను కారు స్టార్ట్ చేసి ఉంచాను. ఆయన వస్తుంటే వెనకే పిన్ని గారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు. "పరగడుపున బీపీ మాత్ర వేసుకున్నారమ్మా. కడుపులో మంటెత్తిపోతుంది. ఇది తాగితేనే కదలనిస్తాను." ఆయన గ్లాసు వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. ఒక గుక్క తాగి గ్లాసు తిరిగిచ్చేశారు. "చాలు, బావుంది" అన్నారు.

బ్రూవరీ ముందు కారు ఆపాను. అక్కడ పెద్దాయన తెల్ల టోపీ, తెల్ల కోటు సిద్ధంగా పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నవ్వుతూ అడిగారు, "నాటో? యోగర్ట్?"

"యెస్. బటర్‌మిల్క్. వన్ సిప్."

ఆ పెద్దాయన మొహం చూడలేకపోయాను. ఆయన "నెక్స్ట్ ఇయర్" అని తల వంచారు. ఈయన ఇంకా కిందికి వంచారు. తలుపు మూసుకుంది. ఏళ్ళ తరబడి అడిగి సాధించిన గది ముందు ఈయన మళ్ళీ కిటికీకి ముక్కు ఆనించి నిలబడ్డారు.

తిరుగు దారిలో నా కోపం ఆగలేదు. "లేదు అంటే పోయేది కదండీ. ఎవరికి తెలుస్తుంది?"

"దానికి తెలుస్తుంది" అన్నారు, బూజు గురించి.

ఇంటి దగ్గర పిన్ని గారు ఎదురొచ్చారు. "చూశారా మీ గది?" ఆయన కొంచెం కూడా తడుముకోలేదు. "ఏదో రిపేరట. మూసేశారు. మళ్ళీ ఏడు రమ్మన్నారు." ఆవిడ లోపలికి వెళ్ళాక నా వైపు తిరిగారు. "చెప్పకమ్మాయ్. ప్రేమగా ఇచ్చింది. తెలిస్తే ఇంక ఏదిచ్చినా చెయ్యి వణుకుతుంది దానికి."

నాకు ఒళ్ళు మండింది. ఎవరో బయటి మనిషి దగ్గర ఒక్క అబద్ధం రాలేదు, పెళ్ళాం దగ్గర గుక్కతిప్పుకోకుండా వచ్చింది. ఆ అబద్ధాన్ని మోసేది మధ్యలో నేను. ఏడాదంతా పిన్ని గారు కంచె మీదుగా కూరలు అందిస్తుంటే ఆవిడ కళ్ళలోకి చూడడానికి ఇబ్బందిపడ్డాను.

గుడి హాల్లో సంస్మరణ పెట్టారు. ఒకరు జ్ఞాని అన్నారు, ఒకరు నిగర్వి అన్నారు. సాకే మాట ఎవరూ ఎత్తలేదు, పోయినాయన పరువు పోతుందన్నట్టు. ఆయన జ్ఞాని కాదు, నిగర్వి అసలే కాదు. మొండి మనిషి. ఆ మొండితనం నాకు ఎంత ఇష్టమో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

బయటికి వచ్చాక పిన్ని గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయన ఖాళీగా ఉంచుకోమన్న ఆ శనివారం నన్ను తీసుకెళ్తావా? ఆయన అంత వెంపర్లాడిన గదేంటో కిటికీలోంచైనా చూస్తాను."

కిటికీలోంచే కదా అని పెరుగు షరతు సంగతి ఎత్తలేదు. తీసుకెళ్ళాను. ఆ పెద్దాయనకి విషయం చెబితే తల వంచారు. తర్వాత లోపలికి వెళ్ళి తెల్ల కోటు తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నారు. నేను అడ్డుపడేలోగానే అడిగేశారు, "యోగర్ట్? టుడే?"

పిన్ని గారు నన్ను చూశారు. "పెరుగు తిన్నానా అంటున్నారా? లేదని చెప్పు. ఆయన పోయాక తోడు పెట్టడమే మానేశాను. ఎవరి కోసం పెట్టను?"

చెప్పాను. ఆవిడ ఒక చెయ్యి కోటులో పెట్టి ఆగిపోయారు.

"అందర్నీ అడుగుతారా ఇలా?"

"అవునండీ."

"ఆయన్నీ అడిగారా?"

నాకు అబద్ధం రాలేదు. తలూపాను. ఆవిడ రెండో చెయ్యి కూడా కోటులో పెట్టుకుని, టోపీలోకి జుట్టు సర్దుకుని లోపలికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పెద్దాయన గుడ్డ తొలగించారు. పిన్ని గారు ఆ వెచ్చటి బియ్యంలోకి రెండు చేతులూ మణికట్టు దాకా దించారు. ఆయనేదో చెబుతున్నారు, ఆవిడ తల తిప్పలేదు, చేతులు తియ్యలేదు. మెల్లగా గాజు మసకబారి ఆవిడ కనిపించడం మానేశారు. నా చున్నీతో తుడిచాను. ఆవిరి లోపలి వైపు ఉంది.