అత్తగారి నోమూ నల్ల కవరూ

బిలాస్‌పూర్ మందుల దుకాణాల్లో నల్ల కవరుకు ఒక ప్రత్యేక గౌరవం ఉంది. గుండెకు మందు కొన్నా, మొలలకు మందు కొన్నా తెల్ల కవరులో వేసి చేతిలో పెడతారు. ఆడవాళ్ళ ప్యాడ్లు మాత్రం ముందు దినపత్రికలో చుట్టి, తర్వాత నల్ల కవరులో దూర్చి, మూతికి ముడి వేసి ఇస్తారు. లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదని. ఇంకే వస్తువునూ నల్ల కవరులో ఇవ్వరు కాబట్టి లోపల ఏముందో బజారంతటికీ తెలుస్తుంది. ఆ రోజు నా ప్యాకెట్టును చుట్టింది నేను పనిచేసే పత్రికలోనే. మేము రాసినదాన్ని ఒకరు అంత శ్రద్ధగా మడతపెట్టడం ఉద్యోగంలో చేరాక నేను చూసింది అదే మొదలు.

నిజానికి ఆ కవరుతో నాకు పని తీరిపోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ కొనిపించింది దగ్గు. వానాకాలంలో పట్టుకున్న ఆ దగ్గుతో పాటు ఒంట్లో ఇంకో కొత్త అలవాటు మొదలైంది. దగ్గినప్పుడల్లా నాలుగు చుక్కల మూత్రం నా అనుమతి లేకుండా బయటికి వచ్చేది. దగ్గు పోయింది గాని ఇది పోలేదు. తుమ్మితే వచ్చేది, బియ్యం బస్తా జరిపితే వచ్చేది, స్కూటీ మీద స్పీడు బ్రేకరు దాటితే వచ్చేది. మా ఊళ్ళో ప్రతి ఇంటాయనా తన గుమ్మం ముందు సొంతంగా ఒక స్పీడు బ్రేకరు కట్టించుకున్నాడు. ఇంటి నుంచి ఆఫీసుకు చేరేలోగా నేను పడిన అవస్థ వాళ్ళ ప్రజాసేవలో భాగమే.

నేను ఒక హిందీ పత్రికలో విలేకరిని. విలేకరి పని అంటే చాలామంది రాయడం అనుకుంటారు. కాదు, కూర్చోవడం. పదింటికి వస్తానన్న నాయకుడు ఒంటిగంటకు వచ్చేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం. సభ జరిగే చోట ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. ఉంటే తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్న మనిషి టీ తాగడానికి వెళ్ళి ఉంటాడు. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. మా ఆయన గూడ్సు బండ్ల మీద గార్డు. ఆయన కూడా నా ఆలోచనను మెచ్చుకున్నాడు. "తాగకపోతే రాదు కదా, సింపుల్," అన్నాడు. అవసరమైతే ఏ గోడనైనా తనదే అనుకోగలిగిన వాళ్ళకు అన్నీ సింపులే.

అలా ఎండిపోయిన గొంతుతో ఒకరోజు మస్తూరీ వెళ్ళాను. ధాన్యం కొనుగోలు కేంద్రం ప్రారంభోత్సవం. వచ్చిన నాయకుణ్ణి లడ్డూలతో తూచాలని కార్యకర్తల సరదా. ఆయన తక్కెడలో కూర్చున్నాడు. అవతల పళ్ళెంలో ఎన్ని లడ్డూలు వేసినా ఆయన లేవలేదు. బుట్టలు ఖాళీ అయ్యాయి. చివరికి అవతలివైపు ఒక ధాన్యం బస్తా వేశారు. అంతే, మనిషి ఒక్కసారిగా గాలిలోకి లేచి, గొడుగు పట్టుకున్నవాడి మెడను రెండు చేతులతో కావలించుకున్నాడు. నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను, రెంటినీ. ఆ మధ్యాహ్నమంతా హ్యాండుబ్యాగును వెనక పెట్టుకుని నడిచాను. నాయకుడికి జనం నీరాజనం పట్టారని మర్నాడు నా పేరుతోనే వార్త వచ్చింది.

దాని తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మూత్రపరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షన్ లేదని, షుగరు లేదని చూసుకుని, ముందు నీళ్ళు మానేసినందుకు చీవాట్లు పెట్టింది. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి లోపలి సంచిని ఇంకా మండిస్తుందట. తగ్గించాల్సింది నీళ్ళు కాదు, రోజంతా తాగే టీ. కాన్పులతో, వయసుతో కింది కండరాలు వదులవుతాయట. గాలి బయటికి పోకుండా బిగబట్టినట్టు వాటిని లోపలికి బిగించి, కాసేపు పట్టి వదలాలి. రోజుకు కొన్ని విడతలు, కొన్ని నెలలు. ఎక్కడ కూర్చుని అయినా చేసుకోవచ్చు, పక్కవాళ్ళకు తెలియదు. ఇప్పుడు నేను ప్రెస్ మీట్లలోనే చేస్తున్నాను. మాట్లాడేవాళ్ళు ఎంతసేపు మాట్లాడితే నాకంత మేలు. నేను తల ఆడిస్తూ ఏకాగ్రతగా వింటున్నానని వాళ్ళు సంతోషిస్తున్నారు.

కండరాలు గట్టిపడేలోగా ప్యాడ్ పెట్టుకోమంది. నెలసరివి కాదు, మూత్రం కోసమే వేరే ఉంటాయట, పల్చటివి. దుకాణంలో గొంతు తగ్గించి అడిగితే దుకాణదారు గొంతు పెంచి అడిగాడు.

"మరీజ్ లేటే రహతే హైఁ క్యా?"

రోగి మంచం మీదే పడి ఉంటారా అని. మరీజ్ నీ ఎదురుగా నిలబడే ఉందన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, మంచం పట్టినవాళ్ళకు కట్టే పెద్ద డైపర్లు చూపించాడు. అవి వద్దంటే మామూలు నెలసరివే ఉన్నాయన్నాడు. నేను మామూలువే తీసుకున్నాను. నల్ల కవరు ఇంటికి వచ్చింది అలా. దాన్ని బాత్రూములో సబ్బుల డబ్బా వెనక పెట్టాను. రహస్యాలు దాచే స్థలం మా రెండు గదుల క్వార్టరులో అంతకంటే లేదు.

ఇప్పుడు మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా ఈ రైల్వే కాలనీకి వచ్చింది. అప్పటి నుంచి మడికి కాలనీ మొత్తానికి ఆవిడే ప్రమాణం. రోజుకు నాలుగైదు స్నానాలు. దండెం మీద ఎవరూ ముట్టకుండా కర్రతో ఆరేసిన చీరలు. పూజ మధ్యలో లేచి వెళ్ళి, మళ్ళీ తల మీద నీళ్ళు పోసుకుని, ఇంకో చీర కట్టుకుని వచ్చేది. చలికాలంలో కూడా. "మడంటే వాళ్ళ అత్తగారిది" అని మిగతా అత్తలు తమ కోడళ్ళకు చెప్పేవారు. వాళ్ళ కోడళ్ళు నన్ను జాలిగా చూసేవారు.

కార్తీక పున్నమికి మా ఇంట్లో కేదారేశ్వర నోము. పగలంతా ఉపవాసం, మడితో బూరెలు, అరిసెలు, సాయంత్రం కథ, చేతికి తోరం. నిరుడు జ్ఞాతుల్లో ఒకరు పోతే మైల వచ్చి నోము ఆగిపోయింది. వరసగా రెండేళ్ళు తప్పితే నోము చేజారినట్టేనని ఆవిడ భయం. తన అత్తగారి చేతి నుంచి అందుకున్నది, తన చేతిలో తెగిపోకూడదు. చేతులు వణుకుతాయి కాబట్టి కాగిన నూనె దగ్గర తను నిలబడలేదు. వండాల్సింది నేను.

నోము రేపనగా సాయంత్రం నేను వంటగదిలో పప్పు కడుగుతున్నాను. అత్తగారు గుమ్మం అవతలే ఆగిపోయింది.

"ఏటే అమ్మా, మళ్ళీ వచ్చీసిందేటి నీకు?"

"ఏటి అత్తయ్యా?"

"ఆ నల్ల సంచీ నాను చూడలేదనుకున్నావేటి? ముందా పప్పు దించు. బయటకి రా."

ఆగిపోయిన నెలసరి ఇన్నేళ్ళకు మళ్ళీ కనిపిస్తే ఏ ఆడదైనా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మా ఇంట్లో ముందు వంటగదిలోంచి పరిగెత్తాలి.

"పక్క క్వార్టరామెకి సంచీ సంగతి చెప్పి అడిగేను, వచ్చి వండుతావేటని. వాళ్ళింట్లోనూ నోమేనట," అంది అత్తగారు. "నిరుడు మైల. ఈ ఏడు నువ్వు బయట. ఇంకేటి, పోనాది నోము. మా అత్తకి నానేటి చెప్పుకోను?"

ఆవిడ రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది. ఎవరింట్లో ఎవరు పోయినా ఏ ఆసరా పట్టుకోని మనిషి.

నాకు రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే నాలుగు రోజులు సెలవు. ముట్టుకు మా వాళ్ళలో సమగ్రమైన నియమావళి ఉంది. ఎక్కడ కూర్చోవాలి, ఏ చాప, ఏ రోజు తలస్నానం, అన్నీ రాసిపెట్టినంత స్పష్టం. మూత్రానికి ఏ నియమమూ లేదు. ముట్టు నాలుగో రోజుకు వదిలేస్తుంది. ఇది తుమ్ముతో వచ్చి ఇంకో తుమ్ము కోసం కాచుకుని ఉంటుంది. నిజం చెబితే వంటగది నుంచి నన్ను శాశ్వతంగా తప్పించవచ్చు. దానికి నేను బాధపడతానని కూడా చెప్పలేను. కానీ ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిన తీరు చూస్తే మౌనంగా ఉండబుద్ధి కాలేదు.

"అది కాదత్తయ్యా. దగ్గితే పడిపోతోంది."

"ఏటి పడిపోతోంది?"

"ఉచ్చ."

అత్తగారు వెనక్కి తిరిగి హాల్లోకి చూసింది. మా ఆయన టీవీలో వార్తలు చూస్తున్నాడు. "ఒరే, సౌండు పెంచు, ఇక్కడకి వినబడ్డం లేదు," అని కేకేసింది. ఆయన పెంచాడు. తల్లికి దేశ రాజకీయాల మీద అంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందని ఆయన అడగలేదు. అత్తగారు గుమ్మం దాటి లోపలికి వచ్చి పీట మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది?"

"వానలప్పటి నుంచి."

"ఓసోస్, అంతేనా. నాకు నీ మొగుడు పుట్టినప్పటి నుంచి."

నేను పప్పు గిన్నె కింద పెట్టాను.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"ఏటి చేస్తాను? పాత చీర ముక్క నాలుగు మడతలేసి కట్టుకునేదాన్ని. తడిసిపోతే నీళ్ళు పోసుకుని ఇంకో చీర కట్టుకునేదాన్ని. మీరందరూ మడన్నారు. నాను కాదనలేదు."

ఊళ్ళో ఏ గొట్టం ఎక్కడ కారుతోందో కనుక్కుని రాయడమే నా ఉద్యోగం. ఇంట్లోది మడి అనుకుని పేజీ తిప్పేశాను. కాలనీ కోడళ్ళంతా చలికాలంలో వణుకుతూ స్నానాలు చేసింది ఈ పుణ్యానికే.

"డాక్టరుకి చెప్పలేదా?"

"అప్పుడు డాక్టరు మగాడు. మీ మావగారితోనే చెప్పలేదు, డాక్టరుతోనేటి చెప్తాను? అది సరేగాని, ఆ సంచీ తే."

తెచ్చాను. ఆవిడ ఒక ప్యాడ్ విప్పి, పట్టుచీర అంచు చూసినట్టు రెండువైపులా తిప్పి చూసింది. గ్లాసులో నీళ్ళు కాసిని దాని మీద పోసింది. వేలితో నొక్కింది.

"తాగీసింది."

"తాగుతుంది."

"చీరకి అంటదా?"

"అంటదు. ఇవి మామూలువి, తొందరగా నిండిపోతాయి. దీని కోసమే చేసినవి వేరే ఉన్నాయట, రేపు తెస్తాను."

అత్తగారు కళ్ళు మూసుకుని ఆలోచించింది. కాలనీలో మడి విషయంలో ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

"చీర పొడి. నువ్వు పొడి. ఇంకేటి? మడి ఎక్కడకీ పోలేదు. పప్పు నానబెట్టు," అంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "రేపు తెచ్చినప్పుడు నాకూ తే."

సాయంత్రం వంటగదిలోకి నన్ను రానివ్వని వస్తువు, రాత్రికి మడిని కాపాడే వస్తువు అయింది. ఇంత తొందరగా మాట మార్చడం నేను అసెంబ్లీ ఎన్నికలప్పుడు కూడా చూడలేదు.

నోము రోజు సాయంత్రం పక్క క్వార్టరావిడ తోరం దారం అడగడానికి వచ్చింది. మడిచీరలో బూరెలు వేయిస్తున్న నన్ను చూసి గుమ్మంలోనే బొమ్మలా నిలబడింది.

"అదేటి పిన్నీ, కోడలు బయటన్నారు, పొయ్యి దగ్గరుందేటి?"

ఇక్కడ ఒక్క మాట తప్పితే నోము అపవిత్రమైందని తెల్లారేసరికి కాలనీ అంతా చెప్పుకుంటుంది. నేను గరిటె పట్టుకుని అత్తగారి వైపు చూశాను.

"ఆ సంచీ దానిది కాదే, నాది," అంది అత్తగారు.

"మీకా! ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే. ఉచ్చ ఆగదు నాకు. నీకాగుతాదేటి?"

పక్క క్వార్టరావిడకు నవ్వు వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి, ఆ నవ్వును ఎంతో కష్టపడి ఆపుకుంది. ఆ కష్టం ఏమిటో నాకు తెలుసు. దారం తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

"పాపం, ఇంటికెళ్ళి మడి కట్టుకుంటాది," అంది అత్తగారు.

చంద్రుడు వచ్చాక పూజ మొదలైంది. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి కథ చదివే పని నాదే. అత్తగారు పీట మీద కదలకుండా కూర్చుంది. సగం దాకా వచ్చాను. ఏటా ఆవిడ లేచి వెళ్ళే చోటు అది. ఈసారి లేవలేదు. చేతిలో అక్షతలు నలుపుతూ, ఇంకో రెండు పేజీలు ఓపిక పట్టి, నా వైపు వంగింది.

"ఏటే, ఇంకా ఉందేటి?"

"చాలా ఉందత్తయ్యా."

"ఓలమ్మో, ఇంత పొడుగా ఈ కథ? ఏటా సగంలో పోయి, మంగళహారతికి వచ్చీసేదాన్ని. మీరందరూ ఎలాగ కూర్చున్నారే ఇన్నేళ్ళు?"

పత్రికలో పొడుగు వార్తను కోయడం నాకు చేతనైన పనే. రెండు పేజీలు వదిలేస్తే దేవుడు కూడా గమనించడని చెవిలో చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆశపడిందనే అనుకుంటాను. తర్వాత తల అడ్డంగా ఊపి, కాళ్ళు సర్దుకుని, కొంగు భుజం మీదికి లాక్కుంది.

"వద్దు. కూర్చున్నాను కదా, అంతా చదివీ."