మృగశిర కార్తె ఆట

బెల్లం గోడౌనులో ఆకాశం చూపించే పని అనకాపల్లిలో నేనొక్కదాన్నే చేస్తాను. బాగా చేస్తానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. గోడౌను మా బావది, అంటే మా అక్క మొగుడిది. బెల్లం వ్యాపారం ఆయనది. స్కూల్లో సైన్సు చెప్పడం మానేసి ప్లానెటేరియం పెడతానని నేనంటే, వద్దు వద్దంటూనే ఖాళీగా ఉన్న గోడౌను తాళాలు నా చేతిలో పెట్టాడు. లోపల తెల్లటి డోము కట్టించాను. మధ్యలో ప్రొజెక్టరు, చుట్టూ వెనక్కి వాలే కుర్చీలు. గోడలకు పట్టిన బెల్లం వాసన మాత్రం ఎన్ని సున్నాలు కొట్టినా పోలేదు. పిల్లలు శనిగ్రహం చూస్తూ ఆ వాసన పీలుస్తారు. పెద్దయ్యాక శని పేరు వింటే వాళ్లకి నోరూరినా ఊరుతుంది.

కాలానికో ఆట మార్చడం నా పద్ధతి. ఎండాకాలం ఆట సెలవుల పిల్లలతో కిటకిటలాడుతుంది. శీతాకాలం ఆటకి స్కూళ్లు బస్సులేసుకుని వస్తాయి. వానాకాలమే నాకు అచ్చిరాలేదు. స్కూళ్లు అప్పుడే తెరుస్తారు, రైతులు నారుమళ్ల పనిలో పడతారు, ఖాళీ కుర్చీలకు నేను నక్షత్రాలు చూపిస్తూ ఉంటాను. కొన్ని వానాకాలాలు అలా గడిచాక బావ తేల్చి చెప్పాడు.

"ఈ ఏడు కూడా వానల్లో జనం రాపోతే డోము ఇప్పేద్దామమ్మా. సరుకు పెట్టుకోడానికి గోడౌను కావాలని పాయకరావుపేట షావుకారు అడుగుతున్నాడు. సూత్తానని సెప్పేను."

నాకు కోపం వచ్చింది. దాని వెనకే భయం కూడా వచ్చింది. డోము ఒకసారి విప్పితే మళ్లీ నిలబెట్టనివ్వరని నాకు తెలుసు. బడి మానేసి కట్టుకున్నది అదొక్కటే.

జనం రారంటే ఆట వాళ్లది కాదనే కదా అర్థం అనుకున్నాను. మా వైపు రైతుకి జూన్, జూలైలతో పని లేదు, కార్తెలతోనే పని. అందుకని ఆ వానాకాలానికి కార్తెల ఆట తయారుచేశాను. పోస్టర్ల పని బావ తీసుకున్నాడు. నాకు చూపించకుండానే అచ్చు వేయించి, తుమ్మపాల నుంచి రావికమతం దాకా అంటించేశాడు. ఆటోస్టాండు గోడ మీద చూసి నేను నిలువునా నీరుగారిపోయాను. "మృగశిర కార్తె స్పెషల్. రాత్రి ఆకాశంలో మృగశిరను కళ్లారా చూడండి" అని రాయించాడు.

మృగశిర కార్తెలో రాత్రంతా వెతికినా మృగశిర కనిపించదు. ఆ ముక్కే బావ మీద ఒంటికాలిపై లేచి మరీ చెప్పాను.

"శీతాకాలం ఆటలో ఉందన్నావు కదేటి ఆ సుక్క. అదే ఏసెయ్. ఎవులికి తెలుత్తాది?" అన్నాడు.

"నాకు తెలుసు బావా. నా డోములో ఏ రోజు ఆకాశం ఆ రోజుదే" అన్నాను.

ఆ ఆదివారం జనం విరగబడ్డారు. కుర్చీలు చాలక చాపలు వేశాం. గొడవైతే సర్దడానికని బావ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన నా ఆట చూడటం అదే మొదటిసారి.

పొద్దు గూకించాను. సప్తర్షులు చూపించాను, తేలు తోక చూపించాను. తెల్లవారుజామున తూర్పున పిల్లలకోడి, అంటే కృత్తిక, పొడిచింది. తర్వాత తెల్లారిపోయింది. పంచె ఎగ్గట్టుకున్న ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

"సూరీడు కూడా వచ్చేసేడు. మృగశిర ఏదమ్మా? పోస్టరు మీద రాసేరు కదా."

వెనక నుంచి సణుగుడు మొదలైంది. చాపల మీద వాళ్లు లేవబోతున్నారు. బావ నావైపు చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం రాలేదు.

"ఒక్క నిమిషం కూర్చోండి మావయ్యా" అని, సూర్యుణ్ని నడినెత్తికి తెచ్చాను. "ఇది మిట్టమధ్యాహ్నం. ఎండ వల్ల మనకి కనపడనిది ఇప్పుడు చూపిస్తాను" అని ఆకాశంలోని నీలాన్ని మెల్లగా తీసేశాను. ఆ యంత్రంలో ఆ సదుపాయం ఉంది. నల్లటి ఆకాశంలో సూర్యుడు అలాగే వెలుగుతున్నాడు. పక్కనే మూడు చిన్న చుక్కలు, వాటి దిగువన గొల్లకావడి అనే చుక్కల వరస.

"ఆ మూడు చుక్కలే మృగశిర. సూర్యుడు దాని దగ్గర ఉన్న రోజులకే మృగశిర కార్తె అని పేరు. ఆయనతో పొడిచి ఆయనతోనే గూకుతుంది, రాత్రి ఎలా కనపడుతుంది? మీరు దుక్కి దున్నుతున్నంతసేపూ మీ నెత్తిమీదే ఉంటుంది."

చాప మీది ఒక ముసలమ్మ నెమ్మదిగా అంది. "కార్తె వచ్చింది, కార్తె వచ్చింది అని మా అయ్య అనేవోడు. ఎక్కడికొచ్చిందో ఇప్పుడు సూసేను."

నిలబడ్డాయన కూర్చున్నాడు. "మరి ఆరుద్ర?" అని అడిగాడు. రోజులు ముందుకి జరిపాను. సూర్యుడు కదిలి ఎర్రటి ఆరుద్ర చుక్క పక్కకి చేరాడు. ఆ తర్వాత ఒకరు పునర్వసు అన్నారు, ఒకరు మఖ అన్నారు. అడిగినవాళ్లకి అడిగినట్టు నడిపించాను. పాతికేళ్లు పాఠం చెప్పినా రాని సంతోషం అది. దాచుకోలేదు, మైకులోనే నవ్వేశాను.

జనం వెళ్లిపోయాక కూడా బావ కుర్చీలోంచి లేవలేదు. జేబులో ఫోను మోగింది. వాలిన కుర్చీలోనే చెవి దగ్గర పెట్టుకున్నాడు. పాయకరావుపేట షావుకారని మాటల్లో తెలిసింది. కుర్చీలు తుడుస్తున్నదాన్ని ఆగిపోయాను.

"గోడౌను ఖాళీ నేదండి" అన్నాడు బావ. అవతల ఏదో అడిగినట్టున్నారు. "వానలయ్యాకా నేదండి. ఇంకా బోలెడు కార్తెలున్నాయి."

ఫోను జేబులో పెట్టుకుని, పైకి చూస్తూనే అన్నాడు. "ఆ నీలం ఇంకోపాలి తియ్యమ్మా. ఇందాకా జనాన్నే సూసేను గానీ పైన సరిగ్గా సూడనేదు."