మేక వెన్నెముకతో నేను కట్టిన మాల

"ఓ నారాయణప్పా! నీ వాకిట్లో వేలాడేది ఏందప్పా? ఎవరికి చేతబడి?"

వీధి అవతల నుంచి మునెమ్మక్క అరుపు. నిన్న ఒక్క పూటలో మా ఊరు తళిలో నేను మంత్రగాణ్ణి అయిపోయినాను! చేసిందేమో మంచి పనే, వినండి.

మా అన్న కూతురు సుధ పశువుల డాక్టర్‌కి చదువుతా ఉంది. పొద్దున్నే ఒక మేక వెన్నెముకను మెడ నుంచి తోక దాకా వరసగా మిద్దె మీద ఎండకు పరిచి, స్నేహితురాలి ఇంటికి పోయింది. ఎముకలు కాలేజీవి. ఈ పొద్దు వాటి మీదే ప్రాక్టికల్.

ఇంతలో మబ్బు కమ్మింది. ఒక్కటి పోయినా పాపకు కష్టమని పరిగెత్తినాను. ముప్పై ఏండ్లుగా చామంతి మాలలు కట్టిన చెయ్యి కదా! ప్రతి ఎముకకూ నడిమధ్య బొక్క కూడా ఉండె. చిన్నవి కొసలకు, పెద్దవి మధ్యకు, జోడు చూసి చూసి దారానికి గుచ్చి, వాకిట్లో మేకుకు తగిలించినాను. పెండ్లికొడుకు మెడలో వేయొచ్చు, అంత సొగసు!

సుధ వచ్చి చూసి తల పట్టుకునింది.

"చిన్నాయనా! మెడ పోయి తోకలో ఉంది, నడుము పోయి మెడలో ఉంది! ఈ మేక ఎట్ల నిలబడాల?"

విప్పి కూర్చున్నాము. మెడకు ఏడు. "మేకైనా గుర్రమైనా మెడకు ఏడే చిన్నాయనా." వీపుకు పదమూడు, పైన పొడుగు ముల్లు, పక్కన పక్కటెముక ఆనుకునే గుంట. నడుముకు ఆరు, రెండు పక్కలా వెడల్పు రెక్కలు...

"ఐదే ఉండాయే!"

పాప కండ్లలో నీళ్లు. మిద్దె, మోరీ కాలవ, కుక్క పడుకునే గోనెసంచి, అన్నీ వెతికినాము. మంచం కింద చూద్దామని వంగినానో లేదో, "అమ్మా!" నడుములో కసుక్కున పొడిచింది.

"పట్టేసిందా? యాడ చిన్నాయనా?" అని సుధ చెయ్యి పెట్టి, నా పంచె మడతలో నుంచి దారం ఉండ లాగింది. లోపల ఎముక! రెక్కలు భలే ఉండాయని, మిగిలిన దారం దానికే చుట్టి నడుముకు దోపుకున్నది నేనే!

పాప ఏడుపులోనే నవ్వింది. "అన్నీ తప్పు పెట్టినావు గానీ, ఇదొక్కటి సరైన జాగాలో పెట్టినావు!"

మునెమ్మక్కను కూడా పిలిచి, అందరమూ సంగటికి కూర్చున్నాము. ఆదివారం కదా, మటన్. నా సంగటి తట్టలో మెడ ఎముక పడింది. బొక్కలో వేలు పెట్టి తిప్పి తిప్పి చూస్తా ఉంటే మా ఆవిడ గరిటె ఎత్తింది.

"తిను సామీ! దారం మాత్రం ఇయ్యను."