దొర బొమ్మలో ఎర్ర గౌను

కెనడాలో, మా కిచెనర్‌లో జూలై ఉక్క మొదలైతే మా హాల్లో గోడకున్న బొమ్మ వాసన వేస్తుంది. అద్దం వెనక కాగితం చెమ్మ పీల్చుకుని, రంగుల్లో కలిపిన తుమ్మజిగురు మేలుకుంటుంది కాబోలు, దగ్గరకెళ్లి ముక్కు పెడితే చాలు, నేను భీమిలిలో మా డాబా మీద ఉంటాను.

మా తాతయ్యది దొర బొమ్మల ఇల్లు. పూర్వం ఓడ దిగిన దొరలు, తాము చూసిన ఊరిని ఇంటికెళ్లి చూపించుకోడానికి మా వాళ్లచేత సముద్రం, కొండ, పడవలు గీయించుకుని పట్టుకెళ్లేవారట. దొరలు పోయినా ఆ పని పోలేదు. డచ్చి సమాధులు చూడ్డానికొచ్చే తెల్లవాళ్లు కొనేవారు, మాకు వాళ్లూ దొరలే. ఎండాకాలం పొద్దున్నే అమ్మ డాబా మీద పెద్ద ఆల్చిప్పల్లో రంగులు కలుపుకుని, ఉడుత వెంట్రుకల కుంచె కొసని పెదాలతో తడి చేసుకుంటూ బొమ్మ వేస్తుంటే, కింద నుంచి ఎండుచేపల వాసన గాలికి ఎగిరొస్తుంటే, నేను పక్కనే కూర్చుని ముంజల్ని బొటనవేలితో పొడుచుకు జుర్రుకుంటూ, గవ్వలాడుకుంటూ, ఆవిడ మూతికంటిన నీలం చూసి నవ్వేదాన్ని.

"ఇందులో మన ఇల్లేదమ్మా?" అంటే, "మనం నిల్చున్న చోటు మనకెలా కనపడతాదే పిచ్చిదానా" అనేది.

తాతయ్యకి ఒకటే పట్టుదల: బొమ్మలో ఊరు కడిగిన ముత్యంలా ఉండాలి. ఎండేసిన చేపలు, ఆరేసిన బట్టలు కనపడకూడదు. "దొర మన ఊరు కొంటాడు గానీ మన గుడ్డలు కొంటాడేటి?" అనేవాడు. ఒక్కసారి మాత్రం, జ్వరం నుంచి లేచిన నేను బొమ్మలో నన్నూ పెట్టమని మారాం చేస్తే, అమ్మ ఆ బొమ్మ అడుగున మా పిట్టగోడ గీసి, దాని మీద ఆరేసి ఉన్న నా ఎర్ర గౌను వేసింది. తాతయ్య చూసి తల పట్టుకున్నాడు. అమ్మకానికి పనికిరాదని అటక మీద పడేశాడు.

ఆ వానాకాలమే అమ్మ పచ్చకామెర్లతో పోయింది. బాగా కుదిరిన బొమ్మలన్నీ ఏ దేశాల గోడలకో వెళ్లిపోయాయి, నాకు ఈ చెడిన సరుకు మిగిలింది. అమ్మకి ఒక్క ఫోటో లేదు. నీలమంటిన ఆ మూతి తప్ప మొహం గుర్తుకు రాదు. కన్నతల్లి మొహం మర్చిపోయిన బతుకూ ఒక బతుకేనా అని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇప్పుడీ కిచెనర్‌లో ఏ బస్సెక్కినా కాలేజీ బ్యాగులు, తెలుగు మాటలే. మా బేస్‌మెంట్‌లోనూ స్టూడెంట్లే. కొత్తగా చేరిన శ్రావణిది భీమిలే. మొన్న మిక్సీ అడగడానికి పైకొచ్చి బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఆంటీ, ఇది మా బీచే కదా. కానీ ఇప్పుడు ఇటునుంచి సముద్రం కనపడదు, అన్నీ అపార్ట్‌మెంట్లు కట్టేశారు" అంటూ ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి ఆ వీధి ఫోటో చూపించింది. మా డాబా ఉండాల్సిన చోట పెద్ద గేటు, లోపల కార్లు. తాతయ్యా లేడు, ఇల్లూ లేదు, దొర బొమ్మలంటే ఏంటో చెప్పేవాళ్లూ లేరు.

శ్రావణి అద్దం మీద వేలు పెట్టింది.

"ఈ ఎర్రగా ఉన్నదేంటి ఆంటీ, రంగు ఒలికిందా?"

"నా గౌనమ్మా. మా అమ్మ ఆరేసింది" అన్నాను. "తియ్యడానికి మళ్లీ రాలేదు."