నానమ్మ తిట్లతో నింపిన వెబ్ పేజీ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రాయ్‌పూర్‌లో మేముండే రైల్వే కాలనీలో పాడుబడిన ప్రతి క్వార్టర్‌కూ ఒక దయ్యం ఉండేది. నువ్వు చూశావా అని నిలదీస్తే, మా పిన్ని తోడికోడలు చూసిందట అనేవాళ్ళు. నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నాకు జరిగింది మాత్రం జరిగినట్టే చెప్తాను. నమ్మమని మిమ్మల్ని బతిమాలను.

పెన్ డ్రైవ్ ఇంకా గొప్ప వస్తువుగా ఉన్న రోజులవి. డిగ్రీ అయ్యాక పండ్రిలో ఒక బట్టల కొట్టు మీద మేడలో వెబ్ డిజైన్ కోర్సులో చేరాను. మా నాన్న గూడ్స్ రైలు గార్డు. రిటైర్మెంట్ దగ్గర పడింది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అందరం శ్రీకాకుళం దగ్గర మా ఊరికి వెళ్ళిపోదామని ఆయన తేల్చేశారు. నాకు ఆ ఊరితో సంబంధం వేసవి సెలవుల మేరకే. నా స్నేహితులు, నా భాష, నా చిరాకులు అన్నీ రాయ్‌పూర్‌లోనే ఉన్నాయి. రోజూ పోట్లాడగా పోట్లాడగా నాన్న ఒక మెట్టు దిగారు.

"నౌకరీ తెచ్చుకో. అప్పుడిక్కడే కిరాయిల్లు చూస్తాను. నేదంటే నోర్ముసుకుని రైలెక్కు" అన్నారు.

ఆ ఉద్యోగం మా కోర్సు ఆఖరి ప్రాజెక్టులోనే ఉంది. భన్‌పురిలో ఒక లారీల కంపెనీకి వెబ్‌సైట్ చెయ్యాలి. ఎవరిది బాగుంటే వాళ్ళను ఆ కంపెనీ సేఠ్ తన ఆఫీసులో పెట్టుకుంటానన్నాడు. అందుకే ఆ ప్రాజెక్టు నాకు చావుబతుకుల సమస్య అయింది.

మా సాహు సర్ పద్ధతి ఏమిటంటే, ముందు పేజీ ఆకారం కుదరాలి, రాత తర్వాత. అంతవరకు ఖాళీ జాగాలో ఏదో ఒకటి నింపి పెట్టాలి. "అరే, కుఛ్ భీ భర్ దో" అనేవారు. అందరూ సినిమా పాటలో, అర్థంలేని అక్షరాలో కొట్టేవాళ్ళు. నేను తెలుగు కొట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో. క్లాసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఏం రాసినా అడిగేవాడు లేడు.

ఆలోచించకుండా ధారగా వచ్చే తెలుగు నాకు ఒక్కటే ఉంది, మా నానమ్మ తిట్లు. ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. నన్ను చూస్తే ఆవిడకు గిట్టేది కాదు. నానమ్మలు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు పెడతారంటే నాకు నవ్వొస్తుంది. నీ నోట్లో మన్నుపడ, నీ కాళ్ళిరగ, నీ మొకం మండ, ఇవే నాకు దక్కిన ముద్దలు. నేను హైస్కూల్లో ఉండగా ఆవిడ పోయింది. చివరి రోజుల్లో ఊరు తీసుకెళ్ళమని ఒకటే గొడవ చేసింది. కుదరలేదు. ఇక్కడే ఖారూన్ నది ఒడ్డున దహనం చేశాం. ఆ తిట్లన్నీ లారీల కంపెనీ పేజీల్లో వరసగా పరిచేశాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు ఫైలు తెరిస్తే 'మా సేవలు' అన్న పేజీ కొంచెం పొడుగైనట్టనిపించింది. చదివాను. నా తిట్ల మధ్యలో నేను రాయని తిట్లు ఉన్నాయి.

నా పక్క సీటు రేణుది. తిల్దా నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చేది, చిలిపి పనుల్లో దిట్ట. దాని మీద విరుచుకుపడ్డాను. అది తెల్లబోయి చూసి, "అరే యార్, తేరీ భాషా మే తో ముఝే గాలీ భీ నహీ ఆతీ" అంది. నిజమే, దానికి తెలుగులో తిట్టడం కూడా రాదు. మరి తిట్టిందెవరు?

కొత్త తిట్లలో ఒకటి నేనెప్పుడూ విననిది. సాయంత్రం అమ్మ రొట్టెలు చేస్తుంటే, నీ ఇంట పీనుగెల్ల అంటే ఏమిటమ్మా అని మామూలుగా అడిగాను. అమ్మ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది.

"ఎవులన్నారే నిన్ను ఆ మాట?"

ఎక్కడో చదివానన్నాను. అమ్మ స్టవ్ ఆపేసి కూర్చుంది. నేను పుట్టిన కొత్తలో నానమ్మ ఒకసారి నన్ను ఆ మాట అందట. పురిటి ఇంట్లో శవం లేవాలని ఎవరైనా అంటారా? అమ్మ పుట్టింటికి పోతానని పెట్టె సర్దిందట. చివరికి దేవుడి దీపం ముందు నానమ్మ చేత ఒట్టు వేయించుకుంది. మరేం తిట్టినా సరే, ఆ మాట మాత్రం మళ్ళీ ఈ ఇంట్లో అనకూడదు. నానమ్మ ఎంత గయ్యాళిదైనా ఒట్టు తప్పే మనిషి కాదు. పోయేదాకా మళ్ళీ అనలేదట.

అంటే ఆ మాట నేను విని, మరిచిపోయి, చేతులకు అలవాటై కొట్టేశాననడానికి కూడా వీల్లేదు.

నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ కాల్చుకు తిన్నది చాలక, నా ప్రాజెక్టులో కూడా కూర్చుంటుందా! మరుక్షణం నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడకు సంతకం కూడా రాదు, వేలిముద్ర. కంప్యూటర్‌లో టైపు చేస్తుందా?

ఆ ఫైలు మొత్తం తీసేసి ఇంకో కంప్యూటర్‌లో మొదటినుంచీ చేశాను. ఈసారి సినిమా పాట పెట్టాను. అన్నం తిని వచ్చేసరికి పాట లేదు. దాని జాగాలో ఒకే వాక్యం పేజీ నిండా మళ్ళీ మళ్ళీ ఉంది. "నా నోరు నాకిచ్చెయ్యే గుంటా." ఆడపిల్లనని నన్ను గుంటా అని పిలిచేది నానమ్మ ఒక్కతే.

పట్టపగలు. బయట రోళ్ళు పగిలే నౌతపా ఎండ, లోపల కూలర్ చప్పుడు, పదిమంది పిల్లల గోల. రేణును పిలిచి చూపించాను. అదీ చూసింది, చదవగలిగింది, అర్థమే కాలేదు. నేను దాన్ని పక్కకు జరగమని, కీబోర్డు ముందుకు లాక్కుని ఆ వాక్యం కింద కొట్టాను. "నువ్వు చచ్చిపోయావు. నీకిక్కడ పనిలేదు. పో."

మర్నాడు పేజీ శుభ్రంగా ఉంది. నేను రాసిన ఆ ముక్క ఒక్కటే మిగిలింది. గెలిచాననుకున్నాను. దాన్నీ తుడిచేసి, కంపెనీ వాళ్ళ గురించి చక్కటి హిందీలో రాశాను. లారీలు ఎక్కడెక్కడికి వెళ్తాయి, సరుకు ఎంత జాగ్రత్తగా దించుతారు, అన్నీ. సీడీ మీదికి ఎక్కించి, ప్రతి పేజీ తెరిచి చూసుకుని సర్ చేతికిచ్చాను. సీడీ మీదికి ఎక్కాక ఇక ఎవరూ మార్చలేరు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రదర్శన రోజు తల్లిదండ్రుల్ని కూడా పిలవడం సాహు సర్‌కు అలవాటు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, సేఠ్ వెనక వరసలో కూర్చున్నారు. నా పేరు పిలిచారు. గోడ మీద తెరపై నా మొదటి పేజీ పడింది. బాగుంది. సేఠ్ తలాడించాడు. సర్ 'మా సేవలు' నొక్కారు.

హిందీ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఉంది.

"ఒరే సిన్నోడా. ఊరందరి సామాన్లూ రైలుమీద దాటించినావు. నన్నొక్కదాన్ని దాటించనేకపోయినావు. నన్నిక్కడ బూడిద సేసి మీరెక్కడికెల్తార్రా? నేనిక్కడ, మీరక్కడానా?"

సేఠ్ ఇదేమిటని అడిగాడు. సర్ మొహం కందగడ్డ అయింది. నింపుడు రాత తియ్యకుండా ప్రాజెక్టు ఇచ్చానని అందరి ముందూ కడిగేశారు. నేను నాన్న వైపు చూస్తున్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. కూడబలుక్కుంటూ చదువుతున్నారు. చదవడం అయ్యాక లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సర్ సీడీ తీసి మళ్ళీ పెట్టారు. హిందీ వచ్చింది, నేను రాసింది రాసినట్టే. కానీ అప్పటికే సేఠ్ వేరే కుర్రాడి పని చూస్తున్నాడు. ఉద్యోగం పోయింది.

కింద నాన్న స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఆ మాట నీకెవులు సెప్పినారు?"

"ఏ మాట నాన్నా?"

"మాయమ్మ ఆకర్న అన్న మాట. ఊరందరి సామాన్లూ దాటించినావని. ఆస్పటల్లో ఆ గదిలో నేనూ ఆవిడే ఉన్నాం. మీయమ్మకి కూడా సెప్పనేదు. తలుపెనకాల ఇన్నావా?"

ఆ రోజు నేను ఆసుపత్రికే రాలేదన్నాను. నాకు పరీక్ష. ఆ వాక్యం నేను రాయలేదన్నాను. నీ మీద ఒట్టు అన్నాను. ఆయన స్కూటర్ స్టార్ట్ చేసి, నా వైపు చూడకుండా అన్నారు.

"ఇక్కడే ఉండాలనుంటే నన్నడగొచ్చు కదే. సచ్చిపోయిన మాయమ్మని పట్టుకొచ్చి తిట్టించాలా?"

మేం ఊరు వెళ్ళలేదు. నాన్న మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. టాటీబంద్ వైపు కిరాయిల్లు తీసుకున్నారు. తర్వాత నాకు వేరేచోట ఉద్యోగం దొరికింది. నేను కోరుకున్నదంతా జరిగింది. నాన్న మాత్రం నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేశారు. అన్నం తిన్నావా, తాళం ఎక్కడుంది, అంతే. అమ్మ ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఇన్నేళ్ళూ నేను నానమ్మను ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. బతికి ఉన్నప్పుడు నన్ను నా ఇంట్లో పరాయిదాన్ని చేసింది, పోయాక మా నాన్నను నాకు కాకుండా చేసింది.

నాన్నకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. మొన్న మధ్యాహ్నం మందులిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"కోప్పడను. ఒక్కటి సెప్పు. అది నువ్వే రాసినావు కదా?"

ఆయన మొహం చూశాను. నేను మోసం చేశానేమోనని కాదు ఆయన దిగులు. చెయ్యలేదేమోనని. నేను రాయకపోతే, చచ్చిపోయాక కూడా కన్నతల్లికి తన మీద ఆ మంట చల్లారలేదని, ఆవిడ ఇంకా ఇక్కడే ఉందని ఆయన ఒప్పుకోవాలి. ఆ వయసులో ఆ బరువు ఎవరు మోస్తారు?

"అవును నాన్నా. నేనే రాశాను" అన్నాను.

ఆయన పెద్దగా ఊపిరి వదిలి, నా తలమీద చెయ్యి వేశారు. చాలా ఏళ్ళకు నాతో మనసారా నవ్వారు. మాత్ర వేసుకుని నిద్రపోయారు.

రాసింది నేను కాదు. మరెవరు రాశారో ఈరోజుకీ నాకు తెలియదు.